దక్షిణానికి ఒక పెట్టె

"ఆమెను గోడ ఎక్కించాలి! వింటున్నావా? గోడ!"

మద్రాసు నుంచి ట్రంక్ కాల్. లైన్లో పోపు వేగుతున్నట్టు ఒకటే చిటపట. గుంటూరు పట్నంబజారులో ఒక మిరపకాయల కొట్టు వెనక గదిలో రిసీవర్ చెవికి అదుముకుని నిలబడ్డాడు సీక్రెట్ ఏజెంట్ అంకమ్మరావు.

"ఎస్ చీఫ్. ఎత్తెంత?"

"ఏడంతస్తులు! శుక్రవారం..."

కట్.

అంకమ్మరావు నొసలు చిట్లించాడు. ఏడంతస్తుల గోడ జిల్లా మొత్తం మీద లేదు. కొండవీటి కోటకి కూడా అంత అహంకారం లేదు. అయినా ఆర్డరు ఆర్డరే. అసిస్టెంటూ డ్రైవరూ ఒకడే అయిన సుభానీని పిలిచాడు. సుభానీ వెళ్ళి సున్నాలు వేసేవాళ్ళ దగ్గర ఊళ్ళోకెల్లా పొడవైన నిచ్చెన అద్దెకు తెచ్చాడు. దాన్ని గదిలో పెట్టడానికి గది చాలక, సగం బజార్లో పెట్టారు.

గంట తర్వాత మళ్ళీ ఫోన్ మోగింది.

"నిచ్చెన రెడీ చీఫ్."

"నిచ్చెనెందుకయ్యా?"

"గోడకి."

"గోడ కాదయ్యా మహానుభావా, ఓడ! ఒంగోల్లో ఒ తీసుకుని దీర్ఘం పెట్టు. పక్కన డబ్బాలో డ పెట్టు. ఓడ! ఏడంతస్తుల ఓడ! దాని దగ్గర గనక మనం ఓడామో, నేను ఇంటికి, నువ్వు జైలుకి. మిగతాది ఫోన్లో వద్దు. నేనే వస్తున్నా."

గుంటూరులో ఏజెంటుగా బతకడం సుఖం. "మీరేం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే అంకమ్మరావు నిజమే చెప్పేవాడు. "ఏజెంటునండీ." అవతలివాడు వెంటనే "మిరపకాయలకా, పత్తికా?" అనేవాడు. నిజం చెప్పి మరీ దాక్కోగలిగిన గూఢచారి ప్రపంచంలో అతనొక్కడే.

మర్నాడు చీఫ్ కలకత్తా వ్యాపారి వేషంలో దిగాడు. తలపాగా బాగుంది, మీసం బాగుంది. తుమ్ములే బాగాలేవు. మిరపకాయల కుప్ప పక్కన ఇద్దరూ బేరానికి కూర్చున్నారు. చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకోవడం అక్కడి పద్ధతి. ఎంతకి తెగిందో పక్కవాడికి కూడా తెలీదు. ఆ తువ్వాలు కిందే ఒక చిన్న డబ్బీ చీఫ్ చేతిలోంచి ఏజెంటు చేతిలోకి మారింది.

"మైక్రోఫిల్మ్," అన్నాడు చీఫ్ పెదవులు కదపకుండా. "మన తీరంలో రాడార్ స్టేషన్ల మ్యాపు. దొంగ మ్యాపు... హాచ్!... దీనికోసం బ్లాక్ యాంకర్ ముఠా కాచుక్కూర్చుంది. శుక్రవారం మధ్యాహ్నం మద్రాసు రేవు నుంచి 'ఓషన్ డచెస్' బయల్దేరుతుంది. విహార నౌక. కొలంబో, సింగపూరు. ముఠా నాయకుడు కమడోర్ అందులో మారువేషంలో ఉన్నాడు. వాడి మొహం మనవాళ్ళెవరూ చూడలేదు. మ్యాపున్న పెట్టె రేవుకొస్తేనే వాడు బయటికొస్తాడు."

"పెట్టె ఎవరు పట్టుకెళ్తారు?"

"ఇంకెవరు? సంతోషకుమారి."

తువ్వాలు కింద అంకమ్మరావు వేళ్ళు చల్లబడ్డాయి. చీఫ్‌కి ఆ సంగతి తెలిసింది. తెలియనట్టు తుమ్మాడు.

సంతోషకుమారి నాటకాల్లో హీరోయిన్. ఆమె నవ్వితే హార్మోనియం వాడు శ్రుతి తప్పేవాడు. బ్లాక్ యాంకర్ ఆమెను తమ మనిషే అనుకుంటోంది. డబుల్ ఏజెంట్. రెండు వైపులా జీతం, ఒక వైపే జీవితం.

"కమడోర్ని పట్టుకున్నాక ఆమె దిగి వచ్చేస్తుంది కదా సార్?"

"రాదు. కమడోర్ కాకుండా సింగపూర్లో ఇంకా మంది ఉన్నారు. వాళ్ళ చేతికి దొంగ మ్యాపు ఆమే ఇవ్వాలి. ఇచ్చాక వాళ్ళ మధ్యే బతకాలి. ఎన్నేళ్ళో చెప్పలేను. ఓడ తప్పితే మాత్రం, ముఠా ఆమెను అనుమానిస్తుంది. అనుమానిస్తే బతకనివ్వదు." చీఫ్ కళ్ళు తుడుచుకున్నాడు. మిరపకాయల వల్లే కావచ్చు. "ప్రయాణం ప్లాను నీది. నీకంటే పకడ్బందీగా ఎవడూ వెయ్యలేడు."

ఆ ఓడ తప్పిపోతే బాగుండునని దేశంలో కోరుకున్నవాడు ఒక్కడే. ఆ ఓడ తప్పకుండా చూడాల్సినవాడూ వాడే.

ప్లాను వేశాడు. రేవుకి రేపు చేరదామనుకునేవాడు రెంటికీ చెడ్డ రేవడవుతాడని అంకమ్మరావు సిద్ధాంతం. అందుకని గురువారం తెల్లవారుతూనే కారు. కారు చెడితే చిలకలూరిపేటలో రెండో కారు. రెండోదీ చెడితే ఒంగోల్లో రైలు. పత్తి బళ్ళు దారికి అడ్డం పడతాయని కొంత, రైల్వే గేట్లకి కొంత, పంచరుకి కొంత, కాఫీకి కొంత. గురువారం సాయంత్రానికల్లా మద్రాసు. శుక్రవారం పొద్దుటి వరకూ మరేమీ లేదు. ఆ ఖాళీ పేరు మార్జిన్.

సంతోషకుమారి అరండల్‌పేటలో మేనత్త గురవమ్మ ఇంట్లో ఉంటోంది. ప్లాను విని పకపకా నవ్వింది.

"తుమ్ముక్కూడా టైం ఇచ్చారే! మరి గురువారం సాయంత్రం ఏం చేస్తాం?"

"ఏం చెయ్యం. అది మార్జిన్."

"మార్జిన్లో బీచికి వెళ్తే మీ ప్లాను ఒప్పుకోదా?"

"...ఒప్పుకుంటుంది."

"మార్జిన్లో నా పక్కన కూర్చుని, ఏజెంటుగారిలా కాకుండా మామూలు మనిషిలా నాలుగు మాటలు మాట్లాడతారా?"

"ప్రయత్నిస్తాను."

"చాలు. ఇంక ఎన్నేళ్ళయినా ఆ సాయంత్రం తింటూ బతుకుతా," అంది ఆమె. ఈసారి నవ్వలేదు.

వంటింటి గుమ్మంలో గురవమ్మ నిలబడి ఉంది.

"ఎప్పుడు బాబూ ప్రయాణం?"

"గురువారం తెల్లారి. దక్షిణానికి. ఇంతకంటే అడక్కండి గురవమ్మగారూ. సర్కారు పని."

"గురువారమా? అది కాదు బాబూ..."

అంకమ్మరావు పెదాల మీద వేలు పెట్టాడు. "ఒక్క మాట వద్దు. మాతో కూడా మాట్లాడొద్దు. గోడలకి చెవులుంటాయి. మీరు గురువారం కోడి కూయకముందే బస్సెక్కి అమరావతి మీ చెల్లెలింటికి వెళ్ళిపోండి. ఇక్కడుంటే మీకు ప్రమాదం."

గురవమ్మ తెరిచిన నోరు మూసింది. మూసింది మూసినట్టే ఉంచింది.

గురువారం తెల్లవారింది. కారు వచ్చింది. సంతోషకుమారి సిద్ధంగా ఉంది. ఫిల్మ్ దాచి మంచం కింద పెట్టిన పెట్టె మాత్రం లేదు.

పత్తి ఊరంతా ఉంది. పెట్టె పత్తా మాత్రం లేదు.

అంకమ్మరావు జేబులోంచి పొడుం డబ్బీ తీశాడు. లోపల పొడుం లేదు, రేడియో రిసీవర్ ఉంది. పెట్టె అడుగున ట్రాన్స్‌మిటర్ ఉంది. రెండూ కూతవేటు దూరంలో ఉంటే డబ్బీ తుమ్మెదలా ఝుమ్మంటుంది. ఇల్లంతా తిరిగాడు. డబ్బీ కిక్కురుమనలేదు.

"సార్," అన్నాడు సుభానీ తల గోక్కుంటూ. "నిన్న చీకటి పడే వేళ పెరటి గుమ్మంలోంచి ఒక ఆడమనిషి చెంగు కప్పుకుని బయటికొచ్చింది. చేతిలో ఏదో గుడ్డ చుట్టిన బరువు. వెంటబడ్డాను. సందు మలుపులో గేదెలడ్డమొచ్చి తప్పిపోయింది."

"మొహం?"

"కనపళ్ళేదు సార్. నడక మాత్రం తొందర నడక."

అంకమ్మరావు మెల్లగా తిరిగాడు. ట్రైనింగ్‌లో మొదటి పాఠం: రెండు వైపులా పనిచేసే మనిషికి మూడో వైపు కూడా ఉండొచ్చు.

"నిన్న చీకటి పడే వేళ ఎక్కడున్నావు?"

"గాజుల కొట్టుకెళ్ళాను." ఆమె చేతులు చాపింది. కొత్త ఆకుపచ్చ గాజులు. "బీచి దగ్గర మీరు చూస్తారని."

"ఎవరు చూశారు నువ్వు వెళ్ళడం?"

"మీరు నన్ను... ఏమండీ, మీరు అడిగేది నన్నేనా?"

"ఎవరు చూశారు?"

"అత్త ఎక్కడైనా సర్దిందేమో. అమరావతికి మనిషిని పంపి కనుక్కోండి."

"ఆవిడ సర్దడానికి అది కందిపప్పు కాదు. పంపడానికి టైమూ లేదు."

ఆమె చాపిన చేతులు చాపినట్టే ఉంచింది. అంకమ్మరావు జేబులోంచి బేడీలు తీసి వేశాడు. ఆకుపచ్చ గాజులు రెండు పగిలి గడప మీద పడ్డాయి.

మంగళగిరిలో బుల్లయ్య అనే చీరల వ్యాపారి బ్లాక్ యాంకర్‌కి వేగులవాడు. పెట్టె అక్కడికే చేరి ఉంటుందని అంకమ్మరావు కారు ఉత్తరానికి తిప్పించాడు. ఆమెను కార్లో వెనక సీట్లో కూర్చోబెట్టి, సేల్స్‌టాక్స్ వాళ్ళ వేషంలో కొట్టు మీద పడి, ఉన్న మూటలన్నీ విప్పారు. పొడుం డబ్బీ ప్రతి మూట దగ్గరా పెట్టి చూశారు.

"టాక్సు వాళ్ళు చీరల్ని వాసన కూడా చూస్తారా అండీ?" అన్నాడు బుల్లయ్య బిక్కమొహంతో.

"కొత్త రూలు," అన్నాడు అంకమ్మరావు.

జరీ అంచులు దొరికాయి, జాడ దొరకలేదు. మధ్యాహ్నం దాటింది. ఇంక చేసేదేమీ లేదు. ఆమెను మద్రాసులో చీఫ్‌కి అప్పగించడమే. కారు మళ్ళీ గుంటూరు మీదుగా దక్షిణానికి తిరిగింది. ఎండబెట్టిన మిరపకాయలు దారికి రెండు వైపులా ఎర్రటి దుప్పట్లలా పరుచుకుని ఉన్నాయి. మిరపకాయల ఊళ్ళో ఒక సౌకర్యం ఉంది, కళ్ళ వెంట నీళ్ళొస్తే కారణం ఎవరూ అడగరు. కార్లో ముగ్గురూ ఆ సౌకర్యం వాడుకున్నారు.

ఊరి దక్షిణపు కొసన పొడుం డబ్బీ ఝుమ్మంది.

దూదేకే మాబు సాహెబ్ ఇల్లు అది. ఇంటినిండా ఏకిన దూది మబ్బులా తేలుతోంది. మబ్బు మధ్య పీట. పీట మీద పెట్టె. పెట్టె పక్కన కాపలాగా మాబు సాహెబ్.

"ఈ పెట్టె నీకెవరిచ్చారు?"

"తమరెవరు బాబూ?"

"ఏజెంటుని."

"మిరపకాయలకా, పత్తికా?"

అంకమ్మరావు జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నకి పళ్ళు కొరికాడు. "ఏదైతే నీకెందుకు? పెట్టె ఎవరిది?"

"సంతోషమ్మది. ఆ తల్లి పొద్దున్నే వచ్చి తీసుకెళ్తుందన్నారు. పొద్దుటి నుంచి వక్క కూడా నోట్లో వేసుకోకుండా కూర్చున్నా. ఇంకేం అడక్కండి. నోరు విప్పితే ప్రయాణానికి చెరుపని నా చేత ఒట్టు పెట్టించుకున్నారు. మిరపకాయలాయనకి పరాయి పిల్ల పెట్టెతో పనేంటి?"

పొద్దున్నే వచ్చి తీసుకెళ్తుంది! ముందే కుదుర్చుకున్న ఏర్పాటు! అంకమ్మరావుకి ఇంక రుజువు అక్కర్లేకపోయింది. పెట్టె తెరిచాడు. ఫిల్మ్ ఉంది. ఎవరైనా చూసి మళ్ళీ పెట్టారేమో ఎవరికి తెలుసు? అయినా ఓడ ఎక్కించక తప్పదు. పెట్టె రానిదే కమడోర్ రాడు.

"నాకేం తెలీదు," అంది సంతోషకుమారి కారులోంచి, చాలా నెమ్మదిగా. "ఒక్కసారి చెప్తున్నా. మళ్ళీ చెప్పను."

ప్లాను తన పని తాను చేసింది. పత్తి బళ్ళు అడ్డం పడ్డాయి, వాటికి టైం ఉంది. కారు చెడింది, రెండో కారు ఉంది. రెండోదీ పొగలు కక్కింది, ఒంగోల్లో రైలు ఉంది. మార్జిన్ ఒక్కటే మాయమైంది. రాత్రంతా రైల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. బేడీల మీద ఆమె చెంగు కప్పుకుంది. ఎదుటి బెంచీ ముసలాయన "కొత్తగా పెళ్ళయిందా అమ్మాయ్, అంత సిగ్గు?" అనడిగాడు. ఆమె తల వంచుకుంది.

మద్రాసు రేవుకి టాక్సీ చేరేసరికి 'ఓషన్ డచెస్' రెండో కూత వేసింది. మూడో కూతకి మెట్ల వంతెన లాగేస్తారు. చీఫ్ పోర్టర్ వేషంలో ఎర్ర చొక్కా వేసుకుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. చుట్టూ ఇంకా పదిమంది పోర్టర్లు, అందరికీ పోలీసు మీసాలే.

టాక్సీ చాటున అంకమ్మరావు బేడీలు విప్పాడు. మణికట్ల మీద ఎర్రటి చార.

"గాజులు తొడుగుతారనుకున్నా," అంది ఆమె. "తొడిగారు. సైజే కాస్త బిగువు."

"సంతోషం..."

"పంచరుకి టైం ఇచ్చారు. గేటుకి టైం ఇచ్చారు. నా మాట వినడానికి మాత్రం ప్లాన్లో జాగా లేకపోయింది. పోనీలెండి, ఓడ తప్పలేదుగా. మీ ప్లాను గెలిచింది."

పెట్టె అందుకుని నడిచింది. నాటకాల నడక. రేవంతా తలలు తిప్పింది.

మెట్ల వంతెన మొదట్లో తెల్లకోటు స్టివర్డు ఒకడు వెండి పళ్ళెంలో నిమ్మరసం పట్టుకుని ప్రయాణికుల్ని ఆహ్వానిస్తున్నాడు. ఆమెను చూసి వంగాడు.

"దారిలో ఎండ ఎక్కువగా ఉందా మేడమ్?"

"ఎండ కాదు. ఘాటు," అంది ఆమె. కోడ్ సరిపోయింది. స్టివర్డు చెయ్యి పెట్టె మీద పడింది. కమడోర్!

అంకమ్మరావు ఆమె మీంచి చూపు తిప్పలేదు. ఆమె ద్రోహి అయితే ఇప్పుడే తెలుస్తుంది. "పారిపో" అని ఒక్క మాట చాలు. ఒక్క కనుసైగ చాలు.

సంతోషకుమారి గొంతెత్తింది. మూడు జిల్లాల్లో చివరి వరసకి వినిపించిన గొంతు అది.

"దొంగ! దొంగ! నా పెట్టె లాక్కుంటున్నాడు! పట్టుకోండి!"

పదిమంది పోర్టర్లు మీద పడ్డారు. నిమ్మరసం చీఫ్ నెత్తిన పడింది. ఓడ మీది బ్లాక్ యాంకర్ మనుషులు రెయిలింగు దగ్గర నిలబడి చూశారు. వాళ్ళకి కనిపించింది ఒక్కటే: తమ నాయకుడు పాపం పెట్టెల దొంగగా పొరపాటున పట్టుబడ్డాడు. నాయకుణ్ణి గుర్తుపట్టక అరిచిన పిల్ల మీద ఈగంత అనుమానం కూడా వాలలేదు. రేడియోలో చెప్పి పంపగలిగేదీ, పుస్తకంలో నేర్పగలిగేదీ కాదు ఆ ఉపాయం. ఆ క్షణంలో, బేడీల వాతలు ఆరని చేతులతో, ఆమె ఒక్కతే ఆలోచించింది.

మూడో కూత. వంతెన కదిలింది. ఆమె పెట్టెతో సహా ఆఖరి మెట్టు మీంచి లోపలికి దూకింది.

"సంతోషం! సంతోషం!" అని అరుస్తూ అంకమ్మరావు అంచుదాకా పరిగెత్తాడు.

పక్కనున్న పోర్టరు భుజం తట్టాడు. "అవునండీ, అందరికీ సంతోషమే. భలే పట్టుకున్నాం దొంగని."

రెయిలింగు దగ్గర ఆమె తిరిగి చూసిందో లేదో, ఓడ పొగలో తెలియలేదు.

ఆదివారం పొద్దున్న పట్నంబజారు కొట్టు వెనక గది కిటకిటలాడుతోంది. గురవమ్మ అమరావతి నుంచి దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది. మాబు సాహెబ్‌ని ఆమే వెంటబెట్టుకొచ్చింది. సుభానీ గుమ్మంలో నిలబడ్డాడు. ఫోన్లో చీఫ్.

"కంగ్రాచులేషన్స్! అంతా బాగుంది గానీ, ఆ ఆలస్యానికి కారణం ఢిల్లీకి రాయాలి. పెట్టెని ఆ దూది ఇంటికి చేర్చిన ముసుగు మనిషెవరు?"

"నేనే," అంది గురవమ్మ.

గదిలో దూది పడినా వినిపించేంత నిశ్శబ్దం. అంకమ్మరావు రిసీవర్ ఆమె వైపు చాపాడు.

"గురువారం దక్షిణానికి బయల్దేరతామంటిరి! గురువారం దక్షిణానికి వారశూల. బయల్దేరకూడదు. మంచి చెడ్డ తెలిసినవాళ్ళు ఏం చేస్తారు? ముందు రోజే మంచి వేళలో పెట్టెని ఆ దిక్కున ఉన్న తెలిసినవాళ్ళింట్లో పెడతారు. ప్రస్థానం పెట్టడం అంటారు. అప్పుడు ప్రయాణం బుధవారమే మొదలైనట్టు లెక్క. మర్నాడు వెళ్తూ వెళ్తూ పెట్టె తీసుకుపోవడమే. మా ఇంటికి దక్షిణాన నమ్మకస్తుడు మాబు సాహెబే."

"మా ఇంట్లో ఎన్ని ప్రస్థానాలు పెట్టలేదు తల్లీ!" అన్నాడు మాబు సాహెబ్. "కాశీకెళ్ళినవాళ్ళవి కూడా పెట్టారు."

"మరి ఈ ముక్క ఆ రోజే చెప్పకూడదా గురవమ్మగారూ!" అన్నాడు సుభానీ నెత్తి కొట్టుకుంటూ.

"చెప్పబోయాను నాయనా. ఒక్క మాట వద్దన్నారు. మాతో కూడా వద్దన్నారు. గోడలకి చెవులన్నారు. సర్కారు పని కదాని నోరు కుట్టేసుకున్నా. పిల్లకి రాసి పెడదామంటే నాకు రాయడం రాదు, పిల్లేమో గాజుల కొట్టుకెళ్ళింది. దక్షిణానికి ఉన్నది ఒక్కటే రోడ్డు, మాబు సాహెబ్ ఇల్లు రోడ్డు మీదే, వీధిలో నిలబడి ఉంటాడు కదా అనుకున్నా. మీరు ఉత్తరానికెళ్తారని నేను కలగన్నానా?"

సుభానీ ముందు నవ్వాడు. మాబు సాహెబ్ నవ్వాడు. ఫోన్లో చీఫ్ నవ్వి నవ్వి తుమ్మాడు. గురవమ్మ కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"పోనీలే, ప్రస్థానం పెట్టినందుకు ఓడైతే అందింది. ఇలా పెట్టి పంపితే వెళ్ళినవాళ్ళు క్షేమంగా తిరిగొస్తారు కూడా బాబూ." ఆమె అంకమ్మరావు మొహంలోకి చూసింది. "పిల్ల ఎప్పుడొస్తుంది?"

నవ్వులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. అంకమ్మరావు నోరు తెరిచాడు. అబద్ధాలు చెప్పడంలో ట్రైనింగ్ అయినవాడికి ఒక్కటీ తోచలేదు.

ఫోన్లో చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "అంకమ్మరావ్... రిపోర్టులో ఏం రాయమంటావు?"

"వారశూల అని రాయండి సార్."

"ఢిల్లీవాళ్ళకి అర్థం కాదయ్యా. శూల అంటే ఏమిటని అడుగుతారు."

"గుచ్చుకునేదని రాయండి," అన్నాడు అంకమ్మరావు. "ఎక్కడా అని అడిగితే, సీక్రెట్ అనండి."